కారుకు దూపయితుందా

భిక్షం ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రపోయేవాడు. మిల్లు గేటు పక్కన బస్తాల మీద, రైతుల ఇళ్ల అరుగుల మీద, ఆఖరికి రోడ్డుకు గొర్రెల మంద అడ్డం వస్తే స్టీరింగు మీద తల వాల్చి కూడా. "ఏం నిద్రరా నాయినా గిది, గొర్లు దాటేదాక గూడ ఆగదు" అని మిల్లులో హమాలీలు నవ్వేవాళ్లు. నవ్వేవాళ్లకేం పోయింది? రాత్రంతా పక్కలో ఆరేళ్ల పిల్ల కళ్లు తెరుచుకుని రేకుల కప్పు చూస్తూ పడుకుంటే, అప్పుడు తెలిసేది వాళ్లకు.

అతను పాండురంగం సేటు కారు డ్రైవరు. పుట్టిన ఊరేదో అతనికే సరిగ్గా తెలియదు. తల్లిదండ్రులు గత్తర రోగంలో పోతే, సూర్యాపేట లారీల అడ్డా దగ్గర క్లీనరుగా చేరి, టైర్ల మీద పడుకుని పెరిగాడు. పెద్దయ్యాక సేటు ధాన్యం దుకాణానికి లారీ తోలాడు. కోదాడలో రోడ్డు పక్కన పెంటమ్మ అనే ఆమె నడిపే పూటకూళ్ల హోటల్లో రోజూ అన్నం తినేవాడు. ఆమె కూతురు సైదమ్మ వడ్డించేది. అడక్కుండానే రెండోసారి పప్పు వేసిన మొదటి మనిషి ఆ పిల్లేనని భిక్షం చెప్పుకునేవాడు. ఆ పప్పు కాస్తా పెళ్లి దాకా వచ్చింది.

సాగర్ ఎడమ కాల్వకు నీళ్లొచ్చి, మిర్యాలగూడ చుట్టుపక్కల మెట్ట చేలన్నీ వరిమళ్లవుతుంటే, సేటు అక్కడ బియ్యం మిల్లు పెట్టాడు. ఊళ్లు తిరిగి వడ్లు మాట్లాడుకోవడానికి మూడు చేతులు మారిన నల్లకారొకటి కొన్నాడు. "వస్తవా భిక్షం? మిల్లు ఎనక అర్ర ఇస్త" అన్నాడు. భిక్షం ఇంకొక్క మాట అడక్కుండా వస్తానన్నాడు. సూర్యాపేటలో ఆ ఇంట్లో ఇంకో రాత్రి పడుకునే ఓపిక అతనికి లేదు. సైదమ్మ పోయి అప్పటికి నెల కూడా కాలేదు.

ఆ ఎండాకాలం సూర్యాపేటలో వాళ్ల వాడ బావులన్నీ అడుగంటాయి. ఆడవాళ్లు చీకటితోనే బిందెలెత్తుకుని ఊరవతలి వ్యవసాయ బావులకు పోతే, పొద్దు బారెడెక్కాక గానీ ఇల్లు చేరేవాళ్లు కాదు. సైదమ్మకు పచ్చకామెర్లు అయ్యాయి. ఆకుపసరు అన్నారు, మెడలో దండ అన్నారు, చివరికి దవాఖాన అన్నారు. అప్పటికే చెయ్యి దాటిపోయింది. తెల్లవారుజామున దవాఖానలోనే పోయింది. శవాన్ని ఇంటికి తెచ్చేలోపు కూతురు శ్యామలను పక్కింట్లో పెట్టారు. చిన్నపిల్ల, చూస్తే జడుసుకుంటుంది, చూపించొద్దని పెద్దవాళ్లందరిదీ ఒకటే మాట. భిక్షం ఆ ఇంట్లోకి వెళ్తే పిల్ల అతని లుంగీ పట్టుకుని "అమ్మేది నాయినా?" అంది. ఏం చెప్పాలి? నోటికొచ్చింది చెప్పాడు.

"నీళ్లకు పోయింది బిడ్డా. శాన దూరం పోయింది. వస్తది."

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఆ ఎండాకాలంలో, ఆ వాడలో, అంతకంటే అతికే అబద్ధం ఇంకోటి లేదు. పిల్ల లుంగీ వదిలేసింది. భిక్షం బయటికొచ్చి పాడె మోయడానికి వెళ్లిపోయాడు. ఆ మాట అన్న సంగతే సాయంత్రానికి అతనికి గుర్తులేదు. చెప్పినవాడు మరిచిపోయినంత తొందరగా విన్నవాళ్లు మరిచిపోరు. కానీ ఈ ఇంగితం ఇంటిముందు పాడె కట్టినప్పుడు ఎవరికుంటుంది?

మూడోనాడు అస్థికలు కుండలో కట్టుకుని, బస్సెక్కి, కుండ ఒళ్లో పెట్టుకుని వాడపల్లి పోయాడు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటది. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమవాళ్లను అక్కడే నీళ్లలో కలుపుతారు. ఒంటరిగా పోయి ఒంటరిగా వచ్చాడు. ఆ తర్వాత ఎవరైనా వాడపల్లి పేరెత్తితే లేచి అవతలికి పోయేవాడు.

మిర్యాలగూడ వచ్చిన రోజు కారు డిక్కీలో ఒక ట్రంకుపెట్టె, ఒక బొంత, నాలుగు గిన్నెలు. ముందు సీట్లో పిల్ల. పిల్ల ఒళ్లో సైదమ్మ చుట్టబట్ట. బిందె ఒత్తుకోకుండా నెత్తిన పెట్టుకునే గుడ్డచుట్ట అది. పాత చీర ముక్కను మెలితిప్పి చుట్టింది సైదమ్మ. నడుమ నొక్కుకుపోయి, తలనూనె పట్టి నల్లబడింది.

"అదెందుకు బిడ్డా, పారెయ్" అన్నాడు భిక్షం.

పిల్ల దాన్ని రెండు చేతులతో పొట్టకు అదుముకుంది. ఆడుకుంటుందేమో, ఉంటే ఉండనీలే అనుకుని బండి తీశాడు.

కొత్త ఊళ్లో పిల్ల నోరు విప్పలేదు. అన్నం ముట్టలేదు. పక్క అర్రలో సుందరమ్మ ఉండేది. మిల్లులో వడ్లు ఎండబోసే పని ఆమెది, ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి, పిల్లలంటే పానం. ఆమె బతిమాలింది, బుజ్జగించింది, కథలు చెప్పింది. లాభం లేకపోయింది. "భిక్షమన్నా, పొద్దటి సంది ఒక్క మెతుకు ముట్టలే. గేటు దిక్కే సూసుకుంట కూసుంటది. ప్రార్థన గూడ చేయించిన. ఇగ నాతోని కాదన్నా" అని చేతులెత్తేసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు కోదాడ నుంచి అత్త పెంటమ్మ దిగింది. కూతురు పోయిన దుఃఖం ఆమెకూ ఉంది. కాకపోతే ఆమెది నోటి గుండా బయటికొచ్చే దుఃఖం. మనవరాలి మోచెయ్యి పట్టి చూసి గుండె బాదుకుంది.

"పుల్లలాగా అయిపోయిందయ్యా నా తల్లి! మొగోడివి, బండి మీద బతికేవాడివి, ఆడపిల్లని ఏం పెంచుతావు నువ్వు? నాకియ్యి. మేనమామ ఉన్నాడు, తోటి పిల్లలున్నారు, వేళకింత అన్నం ఉంటది."

"మరి నాకెవరున్నరత్తా?"

"నీ సంగతి కాదు, పిల్ల సంగతి చెప్తన్నా. బతుకమ్మ పండగ దాకా చూస్తా. అప్పటికీ పిల్ల మనిషి కాకపోతే నేను తీసుకెళ్తా. అడ్డం చెప్పావా, నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెడతా!"

భిక్షం పిల్ల మోచేతి వైపు చూశాడు. ఆమె మాటలో తప్పు లేదు. అదే అతన్ని ఎక్కువ కాల్చింది. ఆ పిల్ల తప్ప ఈ భూమ్మీద అతనికి నాది అనుకునేది ఇంకోటి లేదు. పిల్ల పోతే పొయ్యి వెలిగించడానికి కూడా కారణం లేదు.

మర్నాటి నుంచి పిల్లను కార్లో ముందు సీట్లో కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టాడు. సేటు వెనక సీట్లోంచి సణిగాడు. "ఇది కారా, ఉయ్యాలనా భిక్షం? సీటు మీద కాళ్లు పెట్టొద్దని చెప్పు" అన్నాడు. నోరు అట్లా అన్నా, ఆయన జేబులోంచి పుట్నాలూ బెల్లమూ తీసి ముందు సీట్లోకి చాపేవాడు. పిల్ల తీసుకునేది కాదు. సేటే నములుకుంటూ కిటికీలోంచి చూసేవాడు.

ఆ కారుకొక రోగముంది. కొంచెం దూరం పోగానే వేడెక్కుతుంది. రేడియేటరులో నీళ్లు మరిగి బానెట్ కింద నుంచి ఎసరు పొంగినట్టు ఆవిరి లేస్తుంది. ఓ రోజు నిడమనూరులో సేటును ఒక రైతు ఇంటి దగ్గర దింపి వస్తుంటే అట్లాగే బుసకొట్టి ఆగిపోయింది. భిక్షం ఉసూరుమంటూ దిగి, డిక్కీలోంచి రేకు డబ్బా తీశాడు. దారి పక్క మోటబావి కనిపిస్తోంది. పిల్ల కిటికీలోంచి ఆ బావినే చూస్తోంది.

"నాయినా, కారుకు దూపయిందా?"

భిక్షం చేతిలో డబ్బా జారి కింద పడింది. ఈ ఊరొచ్చాక పిల్ల నోటి నుంచి మాట రావడం అదే మొదలు.

"అయింది బిడ్డా! శాన దూపయింది. నీళ్లు తాపుదమా?"

పిల్ల టక్కున దిగింది. చుట్టబట్ట చంకలో పెట్టుకుని ముందు తనే నడిచింది. బావి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు నీళ్లు ముంచుకుంటున్నారు. పిల్ల వాళ్ల దగ్గరికి పోయి, మొహంలోకి మొహం పెట్టి చూసింది. "ఎవల పిల్లవే నువ్వు? గట్ల సూస్తవేందే?" అని వాళ్లు నవ్వారు. భిక్షానికి ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో మనిషిని చూస్తే గోడవైపు తిరిగే పిల్ల, ఇక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గరికి తనంతట తాను పోతోంది! ఆ రోజు ఆ ఆడవాళ్లు ఇచ్చిన జొన్నరొట్టె ముక్క పిల్ల కాదనకుండా తింది.

అప్పటి నుంచి నీళ్లు కనిపిస్తే చాలు, "నాయినా, కారుకు దూపయితుందా?" అని అడిగేది. అయినా కాకపోయినా భిక్షం అయిందనేవాడు. తండ్రి అబద్ధానికి కారు కూడా సాయం చేస్తూ వచ్చింది. సేటు బేరం మాట్లాడుతూ అరుగు మీద కూర్చుంటే, ఆ కాసేపట్లో ఇద్దరూ చెరువో కుంటో కాల్వగట్టో పట్టుకు తిరిగేవాళ్లు. నడిగూడెం చెరువులో తామరాకు కోసిచ్చి, దాని మీద నీటిబొట్టు జారకుండా నడవమని పందెం పెట్టాడు. బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకు గిజిగాడి గూళ్లు వేలాడుతుంటే చూపించి, "సూడు బిడ్డా, దానికి మనకన్నా మంచి అర్ర దొరికింది" అన్నాడు. పిల్ల నవ్వింది. అప్పుడే పాలపన్ను ఊడిన సందు కనిపించింది. ఆ సందు చూసి భిక్షం బావి దగ్గర రైతులు చూస్తుండగానే కళ్లు తుడుచుకున్నాడు.

కానీ ఒళ్లు హూనమైపోతోంది. పొద్దున లేచి అన్నం వండాలి, పిల్లకు జడ వేయాలి. ఆ జడ అతను వేస్తే తాడు పేనినట్టుండేది. పగలంతా బండి, సాయంత్రం బండి తుడవడం, రాత్రి పిల్ల ఉలిక్కిపడి లేస్తే నిద్ర కరువు. పిల్ల నీళ్ల దగ్గర ఆడవాళ్ల మధ్య తిరుగుతున్నంతసేపూ అతని తల బానెట్ కిందే ఉండేది. లేదంటే గట్టు మీద కునికేవాడు. ఆమె అక్కడ ఏం చేస్తోందో, ఏం మాట్లాడుతోందో ఒక్కసారీ దగ్గరికెళ్లి చూసింది లేదు.

ఒకసారి మఠంపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున తెల్లటి సున్నపురాళ్ల మీద కూర్చుని, ఒక్క క్షణం కళ్లు మూశాడు. తెరిచేసరికి పిల్ల లేదు. కేకలేసుకుంటూ పరుగెత్తితే, కింద రేవులో బట్టలుతికేవాళ్ల మధ్య మోకాలిలోతు నీళ్లలో, చేతిలో చుట్టబట్టతో నిలబడి ఉంది. భయమంతా చేతిలోకొచ్చి చెంప మీద ఒకటిచ్చాడు. పిల్ల ఏడవలేదు.

"గీడ గూడ లేదు నాయినా" అంది.

"ఏం లేదు? ఏం పోగొట్టుకున్నవ్?"

పిల్ల మళ్లీ నీళ్ల దిక్కే చూసింది. అతను గట్టిగా అడగనూ లేదు. వినే చెవులుంటే అక్కడే అర్థమయ్యేది. నిద్ర చాలని మనిషికి చెవులెక్కడివి? కొట్టిన చెంపను ముద్దు పెట్టుకుని, ఎత్తుకుని కారు దాకా మోసుకొచ్చాడు. ఆ రోజంతా ఆ చెయ్యి తనది కాదన్నట్టు చూసుకున్నాడు.

సేటుకు ఓసారి వాడపల్లిలో పనిబడింది. "కారు ఆ దారి తట్టుకోదు సేటూ, నడుమల ఆగుతది" అన్నాడు భిక్షం. సేటు అతని మొహం చూసి, మాట పెంచకుండా బస్సులో పోయొచ్చాడు. అట్లా ఆ చుట్టుపక్కల వాళ్లు తిరగని నీళ్లు వాడపల్లి ఒక్కటే మిగిలింది.

వానలు పడ్డాయి, చేలు పచ్చబడ్డాయి, గట్ల మీద తంగేడు పూసింది. పిల్ల బుగ్గలు నిండాయి. సుందరమ్మకు కూడా వచ్చీరాని కబుర్లు చెబుతోంది. "గండం గడిచిందన్నా, దేవుడు సల్లగ సూసిండు. ఇగ మీ అత్త ఏమంటదో అననీ" అంది సుందరమ్మ. భిక్షం కూడా నమ్మాడు. పండగకు రెండు రోజుల ముందు పెంటమ్మ వస్తే, ఎదురుపోయి సంచీ అందుకున్నాడు.

పెంటమ్మ పిల్లను అటూ ఇటూ తిప్పి చూసింది. ఈసారి గుండె బాదుకోలేదు. తిట్టడానికి ఏమీ దొరక్క కాస్త ఇబ్బంది పడింది కూడా. "సరేలేవయ్యా, బానే చూశావు. కానీ ఎన్నాళ్లిట్లా కార్లో తిప్పుతావు? దాన్నే అడుగుదాం. దాని ఇష్టం" అంది. భిక్షం ధీమాగా తలూపాడు.

"ఏమే శ్యామలా, నాతో కోదాడ వస్తావా?"

"కోదాడల నీళ్లు యాడికెళ్లి తెచ్చుకుంటరు అమ్మమ్మా?"

"చెరువుంది, ఊరబావి ఉంది. ఎందుకే?"

"ఆడోళ్లందరు గాడికే వస్తరా?"

"రాక ఎక్కడికి పోతారే? అందరూ వస్తారు."

"అయితే నేనొస్త" అంది పిల్ల. అని, లోపలికి పోయి చుట్టబట్ట తెచ్చుకుని గడప మీద కూర్చుంది.

భిక్షం లేచి లోపలికి పోయాడు. ఇన్నాళ్లూ రెక్కలు ముక్కలు చేసుకుని, నిద్ర చంపుకుని తిప్పిందంతా ఇందుకా? ఒక్కసారన్నా తన మొహం చూడకుండా వస్తాననేసింది. పిల్ల గౌన్లు మడతపెట్టి సంచిలో కుక్కాడు. సేటు సంగతి తెలుసుకుని, "కార్ల దింపి రాపో. పొద్దుగూకేసరికి మిల్లుల ఉండాలె, బేరమున్నది" అన్నాడు.

ముగ్గురూ బయల్దేరారు. దారి పొడుగునా భిక్షం రోడ్డు తప్ప ఏమీ చూడలేదు. హుజూర్‌నగర్ ఇంకా రాలేదు, కాల్వ వంతెన కనిపించింది. రేవు మెట్ల మీద ఆడవాళ్లు బిందెలు తోముకుంటున్నారు.

"నాయినా, కారుకు దూపయితుందా?"

"కాలే!" అని అరిచాడు భిక్షం. "కారుకేం కాలే! నీకే ఉన్నది దూప, నన్ను ఇడిసిపెట్టి పోవాల్నని!"

పిల్ల బిక్కచచ్చిపోయింది. "చిన్నపిల్ల మీద ఏంటయ్యా ఆ అరుపు? ఆపు. నాకూ కాళ్లు పట్టేసినయి" అంది వెనక నుంచి పెంటమ్మ. భిక్షం బండి ఆపాడు. ఈసారి బానెట్ ఎత్తలేదు, డబ్బా తీయలేదు. కోపంతో వంతెన గోడ మీద ఊరికే కూర్చున్నాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి, నీళ్ల దగ్గర తన కూతురు ఏం చేస్తుందో కళ్లు తెరిచి చూశాడు.

పిల్ల మెట్లు దిగింది. మొదటామె మొహంలోకి చూసింది. రెండో ఆమె మొహంలోకి చూసింది. మూడో ఆమె అటు తిరిగి ఉంటే, ముందుకు పోయి వంగి మరీ చూసింది. తర్వాత నిలబడి అడిగింది.

"మా అమ్మ ఈడికి గిట్ల వచ్చిందా?"

"మీ అమ్మ ఎవలు బిడ్డా?"

"సైదమ్మ. మాది సూర్యాపేట. నీళ్లకు పోయింది. శాన దూరం పోయింది." పిల్ల చుట్టబట్ట పైకెత్తి చూపించింది. "గిది మర్సిపోయింది. బిందె నెత్తికి ఒత్తుతది గద, గందుకే తిరుగుతున్న."

ఆడవాళ్లు బిందెలు తోమడం ఆపేశారు. వంతెన మీద భిక్షం గోడ దిగి నిలబడ్డాడు. పక్కింట్లో లుంగీ పట్టుకున్న పిల్ల చెయ్యి గుర్తొచ్చింది. తను అన్న మాట గుర్తొచ్చింది. నిడమనూరు బావి, నడిగూడెం చెరువు, మఠంపల్లి రేవు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. పిల్ల కోలుకుంటోందని తను మురిసిపోయిన ప్రతిచోటా ఆ పిల్ల తల్లిని వెతికింది. అమ్మ కనిపించాలంటే నడవాలి, నడవాలంటే తినాలి. అందుకే తింది. అందుకే కోదాడకూ వస్తానంది.

పెంటమ్మ కూడా విన్నది. కొంగు నోట్లో కుక్కుకుని వచ్చి అల్లుడి పక్కన నిలబడింది. "నీళ్లకు పోయిందని ఎవరు చెప్పారయ్యా దానికి?" అంది.

"నేనే అత్తా. ఆ పొద్దు. నేనే చెప్పిన."

తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండుననిపించింది. పెంటమ్మ తిట్టలేదు.

"కోదాడ తర్వాత అత్తా. వాడపల్లి పోవాలె."

"తిప్పు బండి" అంది పెంటమ్మ.

వెనక్కి తిరిగి మిర్యాలగూడ దాటి వాడపల్లి దారి పట్టారు. సేటు చూస్తే ఏమంటాడోనన్న ఆలోచన కూడా రాలేదు. "గాడ నీళ్లున్నయా నాయినా?" అని అడిగింది పిల్ల. ఉన్నాయన్నాడు. "ఆడోళ్లు వస్తరా?" అని అడిగింది. దానికి అతను బండి వేగం పెంచాడు.

సంగమం దగ్గర రెండు నదులూ నిండుగా ఉన్నాయి. ఒడ్డున ఎవరో తమవాళ్ల కోసం వచ్చి గుండ్లు చేయించుకుంటున్నారు. మెట్ల మీద ఆడవాళ్లు కనిపించగానే పిల్ల పరుగెత్తబోయింది. భిక్షం రెక్క పట్టుకుని ఆపి, మెట్టు మీద ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"పోకు బిడ్డా. వాళ్లల్ల అమ్మ లేదు."

"మరి యాడున్నది?"

"సచ్చిపోయింది బిడ్డా. దవాఖానల సచ్చిపోయింది. నీకు అబద్ధం చెప్పిన. అమ్మ నీళ్లకు పోలే. నేనే తెచ్చిన అమ్మను, కుండల పెట్టుకొని, బస్సుల. ఈ నీళ్లల్లనే కలిపిన."

పిల్ల నీళ్ల వైపు చూసింది. అతని వైపు చూసింది. మళ్లీ నీళ్ల వైపు చూసింది.

"ఇగ రాదా?"

"రాదు బిడ్డా."

"ఎన్ని దినాలైనా?"

"ఎన్ని దినాలైనా రాదు."

పిల్ల చుట్టబట్టతోనే అతన్ని కొట్టింది. మొహం మీద, భుజాల మీద, ఛాతీ మీద, ఊపిరి ఆడనంతగా కొట్టింది. "ముందుగాల ఎందుకు చెప్పలే? ఎందుకు చెప్పలే నువ్వు?" అని అరిచింది. అప్పుడు ఏడ్చింది. తల్లి పోయాక ఏడవడం అదే మొదటిసారి. ఒడ్డున మంగలి కూడా చెయ్యి ఆపి చూశాడు. పెంటమ్మ ఎత్తుకోబోతే పిల్ల రాలేదు. కొట్టిందీ అతన్నే, మెడ చుట్టూ పట్టుకుందీ అతన్నే.

ఏడుపు తగ్గేసరికి ఎండ వాలింది. కారు దగ్గరికొచ్చాక భిక్షం అడిగాడు, "యాడికి పోదం బిడ్డా?"

"ఇంటికి."

"ఏ ఇంటికే తల్లీ?" అంది పెంటమ్మ.

"మిల్లు ఇంటికి." కొంచెం ఆగి ఎక్కిళ్ల మధ్య అంది, "కోదాడల గూడ అమ్మ లేదు గద."

పెంటమ్మ తలుపు తీసి వెనక సీట్లో కూర్చుని, పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "పోనియ్యవయ్యా మిల్లు ఇంటికే. పండగ దాకా నేనూ ఉంటా. ఆ జడ ఏంటి, పగ్గంలాగా? నీకు జడ వెయ్యడం నేర్పించి పోతా" అంది. భిక్షం అద్దంలో అత్త మొహం చూడలేక రోడ్డు వైపు చూశాడు.

సగం దారిలో కారు నిజంగానే వేడెక్కింది. ఆవిరి లేచింది. భిక్షం అలవాటు కొద్దీ ఆ ప్రశ్న కోసం ఆగాడు. ఎవరూ అడగలేదు. వెనక్కి చూస్తే పిల్ల అమ్మమ్మ ఒళ్లో నిద్రపోతోంది, బుగ్గ కింద చుట్టబట్ట పెట్టుకుని. అతను చప్పుడు కాకుండా దిగి, డబ్బా తీసుకుని, వరిచేల నడుమ పంటకాల్వ దాకా నడిచాడు. ఒంటరిగా నీళ్లకు రావడం చాలా రోజుల తర్వాత ఇదే. డబ్బా ముంచి పక్కన పెట్టాడు. మొహం కడుక్కుందామని వంగి, అట్లాగే గట్టు మీద కూర్చుండిపోయాడు. ఒంట్లో సత్తువంతా ఎవరో తోడేసినట్టుంది. "సైదీ, పిల్లకు చెప్పేసిన" అన్నాడు నీళ్లతో. అంతకంటే ఏమీ తోచలేదు. కూర్చున్నవాడికి కూర్చున్నట్టే కన్నంటుకుంది.

రోడ్డు మీద నుంచి పెంటమ్మ కేక వినిపించింది.

"అల్లుడా! ఓ అల్లుడా! పిల్ల లేచిందయ్యా! నువ్వు కనపడట్లేదని ఏడుస్తంది! ఎటు పోయావని చెప్పను..."

ఆ గొంతు అక్కడ ఆగిపోయింది. ఎటు పోయాడో ఆమెకు తెలుసు. డబ్బా తీసుకుని పోయిన మనిషి ఇంకెటు పోతాడు? కానీ ఆ మాట ఆ పిల్లకు ఏ నోటితో చెప్పాలి?

భిక్షం ఉలిక్కిపడి లేచాడు. డబ్బా అందుకుని, బురదలో జారుతూ, వరికర్రలు తొక్కుతూ, రోడ్డు దిక్కు పరుగెత్తాడు. "వస్తున్న బిడ్డా! ఈడనే ఉన్న! వస్తున్న!" అని చేను దద్దరిల్లేలా అరిచాడు. మోకాళ్ల దాకా బురద, ఒగర్పు, డబ్బాలోంచి నీళ్లు ఒలికి లుంగీ అంతా తడిసింది. పిల్ల కారు తలుపు పట్టుకుని నిలబడి అతను వచ్చే దిక్కే చూస్తోంది. దగ్గరికొచ్చి డబ్బా కింద పెట్టేదాకా రెప్ప వేయలేదు.

తర్వాత వంగి డబ్బాలోకి చూసింది.

"సగం ఒలకబోసినవ్ నాయినా."

"అవును బిడ్డా, ఒలికినయి."

"కారుకు సాలయి." ముక్కు తుడుచుకుంది. "పా, మళ్ల తెద్దం."

చుట్టబట్ట సీటు మీదే వదిలేసి దిగి, అతని వేలు పట్టుకుంది. ఇద్దరూ కలిసి నీళ్లకు పోయారు.